తాళంచెవి ఎవరి కొంగున?

కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లో జ్యూయిష్ గర్ల్స్ స్కూల్ అని ఒక బడి ఉంది. పెట్టింది 1881లో. బోర్డు మీద యూదుల పేరున్నా పొద్దున్నే గేటు దాటి లోపలికి పరుగెత్తే పిల్లలు దాదాపు అందరూ ముస్లిం ఇళ్ల ఆడపిల్లలే. 1940ల్లో ఆ నగరంలో నాలుగైదు వేల మంది బాగ్దాదీ యూదులు ఉండేవారు. ఇజ్రాయెల్‌కు, లండన్‌కు, ఆస్ట్రేలియాకు ఒక్కొక్కరే తరలిపోయారు. మిగిలినవారిని ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ల ప్రార్థనాలయాలైన సినగాగుల తలుపులు తీసి కాపలా కాస్తున్నదీ ముస్లిం కుటుంబాలవాళ్లే. బడి మాత్రం ఇంకా నడుస్తోంది.

విదేశీ విలేకరులు అడపాదడపా వచ్చి దీన్ని మత సామరస్యం కథగా రాసుకుపోతుంటారు. రాయదగ్గ కథే. అయితే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది బడి ఇప్పుడున్న తీరు కాదు, పుట్టిన తీరు. తమ ఆడపిల్లలు క్రైస్తవ మిషనరీ బడులకు వెళ్తున్నారు, రేపు మతం కూడా మారిపోతారేమోనని పెద్దలకు బెంగ పట్టుకుంది. ఆ బెంగలో చందాలు వేసుకుని కట్టిన బడి ఇది. ఆడపిల్ల చదవాలన్న కోరిక కన్నా, పిల్ల చేజారిపోతుందన్న భయమే ముందు మూట విప్పింది. యూదు మహిళల చదువుకూ, సేవాసంస్థలకూ రెండు వందల ఏళ్లుగా అందుతున్న విరాళాల చరిత్ర తిరగేస్తే ఈ భయం ప్రతి మలుపులోనూ ఎదురవుతుంది. భయంతో ఇచ్చిన డబ్బుతో ఆ మహిళలు ఏం చేశారు, వాళ్లను ఎంతవరకు చేయనిచ్చారు అన్నది అంతకన్నా పెద్ద కథ.

దానం గురించి యూదుల పాత ఆలోచన కొంచెం తెలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. హీబ్రూలో దానాన్ని 'త్సెదకా' అంటారు. దాని మూలధాతువుకు అర్థం న్యాయం. జాలిపడి ఇచ్చేది కాదు, ఇవ్వవలసి ఉన్నది. మన వీధుల్లో అడుక్కునే మనిషి 'దానం చెయ్యండి' అనడు, 'ధర్మం చెయ్యండి బాబూ' అంటాడు. ఆ పిలుపులో ఉన్నదీ ఈ భావమే. పన్నెండో శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు కట్టాడు. అడిగాక ముఖం మాడ్చుకుని ఇవ్వడం అట్టడుగు మెట్టు. అప్పిచ్చో, భాగస్వామిగా చేర్చుకునో, పని చూపించో మనిషి మళ్లీ చేయి చాచే అవసరం లేకుండా చేయడం పై మెట్టు. ఈ నిచ్చెనలో ఆడవాళ్లకు చోటు లేకపోలేదు. అనాథ అబ్బాయి, అనాథ అమ్మాయి ఇద్దరూ పెళ్లికి సాయం అడిగితే ముందు అమ్మాయికే చేయాలని యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్ముడ్ చెప్పింది. పెళ్లిఖర్చు, తిండి, బట్ట అందాయి. అందనిది చదువు. కూతురికి తోరా, అంటే ధర్మగ్రంథం, నేర్పవచ్చా అన్న ప్రశ్న మీద తాల్ముడ్‌కు ఆధారమైన మిష్నాలో రబ్బీల (మతగురువుల) మధ్య తగువే నడిచింది. నేర్పి తీరాలన్న బెన్ అజ్జాయ్ మాట కన్నా, కూడదన్న రబ్బీ ఎలియెజర్ మాటే శతాబ్దాల తరబడి చెల్లింది.

చదువుకు పడిన ఈ తాళాన్ని మొదట కదిపిన వారిలో ఫిలడెల్ఫియాకు చెందిన రెబెక్కా గ్రాట్జ్ (1781-1869) ఒకరు. సంపన్న వర్తకుడి కూతురు, పెళ్లి చేసుకోలేదు. పేద యూదు స్త్రీలకు తిండి, ఇంధనం అందించడానికి 1819లో ఆడవాళ్లే నడిపే సంఘం ఒకటి పెట్టించారు. ఆ ఇళ్లకు సాయం పేరుతో వచ్చే క్రైస్తవ సేవికలు రొట్టెతో పాటు బోధ కూడా ఇచ్చి వెళ్తున్నారని గమనించి, 1838లో ఆదివారం బడి తెరిచారు. సుమారు అరవై మంది పిల్లలతో మొదలైంది. ఆడ, మగ పిల్లలు కలిసే చదివారు, పాఠం చెప్పింది అందరూ జీతం లేని ఆడవాళ్లే. యూదు పాఠ్యపుస్తకాలు ఇంకా లేవు కనుక క్రైస్తవ సండే స్కూలు పుస్తకాలే తెచ్చుకుని, తమకు సరిపడని జవాబుల మీద కాగితం ముక్కలు అంటించి వాడుకున్నారు. ఎవరిని చూసి భయపడ్డారో వాళ్ల పద్ధతినే తీసుకుని, పైన ఒక చీటీ అంటించారన్నమాట. చరిత్రలో సంస్కరణలు చాలావరకు ఇలా చీటీ అంటించుకునే మొదలవుతాయి. అప్పటిదాకా మగవాళ్ల సొత్తయిన మతబోధ ఆ బడితో ఆడవాళ్ల చేతికి వచ్చింది. దీనికి ఎవరూ తీర్మానం చేయలేదు. చందా కట్టిందీ, బడి ఊడ్చిందీ, పాఠం చెప్పిందీ వాళ్లే కాబట్టి అడ్డు చెప్పే అవకాశం ఎవరికీ దొరకలేదు.

జర్మనీలో భయం వేరు. తూర్పు యూరప్ పేద యూదు కుటుంబాల నుంచి అమ్మాయిలను పెళ్లి పేరుతో, పని పేరుతో రేవులు దాటించి వ్యభిచారంలోకి నెట్టే ముఠాలు ఉండేవి. వాటి మీద నోరు విప్పితే యూదు వ్యతిరేకులకు ఆయుధం ఇచ్చినట్టవుతుందని సమాజ పెద్దలు గుట్టుగా ఉంచాలనుకున్నారు. బెర్తా పాపెన్‌హైమ్ ఒప్పుకోలేదు. ఫ్రాయిడ్, బ్రాయర్‌ల పుస్తకంలో 'అన్నా ఓ' అన్న మారుపేరుతో మనోవిశ్లేషణ చరిత్రకెక్కిన రోగి ఈవిడే. ఆ పేరుతో కన్నా చేసిన పనితో గుర్తుపెట్టుకోవలసిన మనిషి. 1904లో యూదు మహిళా సమాఖ్య స్థాపించి, 1907లో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి నోయ్-ఇసెన్‌బుర్గ్‌లో పెళ్లికాని తల్లులకూ, వాళ్ల పిల్లలకూ ఆశ్రయం కట్టించారు. పరువు చూసుకునే దాత ఎవరూ పేరు చెక్కించుకోవడానికి ముందుకొచ్చే రకం ఇల్లు కాదది.

మనకు 1893 చికాగో అనగానే వివేకానందుడు గుర్తొస్తాడు. ఆయన సెప్టెంబరు 11న ప్రసంగించడానికి ముందే, అదే సర్వమత సభల సందర్భంలో ఒక గొడవ జరిగింది. యూదుల తరఫు కార్యక్రమంలో భాగం అడిగిన చికాగో మహిళ హన్నా సాలమన్ బృందానికి పురుషుల సంఘం చూపించిన పని అతిథులను పలకరించి మర్యాదలు చేయడం. వాళ్లు లేచి వచ్చేసి సెప్టెంబరు 4 నుంచి తమ సొంత మహాసభ జరుపుకున్నారు. సభ ముగిసేసరికి జాతీయ యూదు మహిళా మండలి పుట్టింది. ఆ మండలి కార్యకర్తలే తర్వాత వలసదారులు దిగే న్యూయార్క్ ఎల్లిస్ ఐలండ్ రేవులో నిలబడి, ఒంటరిగా ఓడ దిగే అమ్మాయిలను వాళ్ల యిద్దిష్ భాషలో పలకరించి, ముఠాల చేతిలో పడకుండా ఇల్లూ, పనీ, రాత్రిబడీ చూపించారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన ఇళ్లలో ఇల్లాలి కొంగుకు తాళాల గుత్తి ఉండేది. చూసేవాళ్లకు బీరువా ఆవిడదే అనిపించేది. ఏ తాళం ఎప్పుడు తీయాలో చెప్పేది మాత్రం వేరొకరు. మహిళా సంస్థల పేరు మీద పోగైన విరాళాలకూ ఇదే గతి పట్టిన సందర్భాలు తక్కువేమీ కాదు. ఆ సంగతి ముందుగానే పసిగట్టిన మనిషి హెన్రియెట్టా సోల్డ్.

బాల్టిమోర్‌లో రబ్బీ కూతురు. రష్యా నుంచి పారిపోయి వచ్చిన యూదుల కోసం రాత్రిబడి నడిపారు. పాండిత్యంలో మగ రబ్బీలకు తీసిపోరు. న్యూయార్క్ యూదు సెమినరీలో చదువుతానంటే, రబ్బీ పట్టా అడగనని ఒప్పుకున్నాకే తరగతిలో కూర్చోనిచ్చారు. 1912 ఫిబ్రవరి 24న, యాభై దాటిన వయసులో, కొద్దిమంది స్త్రీలతో హదస్సా అనే జియోనిస్టు మహిళా సంస్థ ప్రారంభించారు. మరుసటి ఏడాది జెరూసలేంకు ఇద్దరు నర్సులను పంపారు. వాళ్ల ఖర్చుకు ముందుకొచ్చింది మేసీస్ దుకాణాల యజమానుల్లో ఒకరైన నేథన్ స్ట్రాస్. పెద్ద దాత చేయి కాదనలేదు కానీ, సంస్థ కాళ్లు నిలిచింది సభ్యురాళ్ల చిన్న చిన్న చందాల మీద. టీ పార్టీలు, కుట్టు సమావేశాలు, వంటింటి గూట్లో చిల్లర వేసే డబ్బా. మగవాళ్లు నవ్వుకున్న ఈ చిల్లర అండతో 1918లో జెరూసలేంలో నర్సింగ్ స్కూలు, 1939లో స్కోపస్ కొండ మీద ఆస్పత్రి లేచాయి. 1920ల్లో అమెరికా జియోనిస్టు సంస్థ నాయకులు ఆ నిధి తమ ఖజానాలోకి రావాలని పట్టుబట్టారు. హదస్సా స్త్రీలు ససేమిరా అన్నారు. సంస్థ పేరు మీద కాదు, బ్యాంకు ఖాతా మీద జరిగిన ఆ పోరాటమే నా దృష్టిలో యూదు మహిళల దాతృత్వ చరిత్రలో అసలైన మలుపు. ఒక్క సంపన్నుడి చెక్కు మీద బతికే సంస్థ అంత గట్టిగా నిలబడగలిగేది కాదు.

పోలండ్ కథ ఇంకో దారి పట్టింది. క్రాకోవ్‌లో సారా షెనిరెర్ (1883-1935) బట్టలు కుట్టి బతికే మనిషి. ఆ ప్రాంతంలో యూదు అబ్బాయిలు మతబడికి వెళ్లేవారు. నిర్బంధ విద్య చట్టం పుణ్యమా అని అమ్మాయిలు సర్కారు బడికి వెళ్లేవారు. ఫలితం చిత్రంగా ఉండేది. అన్నకు తాల్ముడ్ వచ్చు, చెల్లెలికి పోలిష్ సాహిత్యం వచ్చు. ఇంట్లో తల్లి వెలిగించే సబ్బాత్ దీపానికి అర్థం చెప్పమంటే ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. ఆ కొత్త చదువు చదివిన అమ్మాయిలు సంప్రదాయం వదిలి వెళ్లిపోతున్నారు, కొందరు ఇల్లే వదిలి వెళ్తున్నారు. కొలతలు తీసుకోవడానికి తన దగ్గరికి వచ్చే ఆ అమ్మాయిలను చూస్తూ షెనిరెర్ మథనపడ్డారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వియన్నాలో తలదాచుకున్నప్పుడు, యూదిత్ అనే వీరవనిత మీద ఒక రబ్బీ ప్రసంగం విన్నారు. 1917లో తన కుట్టు గదిలోనే పాతిక మంది పిల్లలతో బడి పెట్టారు. అదే బైస్ యాకోవ్.

1923లో వియన్నాలో అగుదత్ ఇజ్రాయెల్ అనే సనాతన యూదుల సంస్థ తొలి ప్రపంచ మహాసభ జరుపుకుంది. ఆ ఏడే ఈ బడులను తన రెక్కల కిందికి తీసుకుంది. జర్మనీ సనాతన యూదుల నుంచి, లండన్, న్యూయార్క్ దాతల నుంచి నిధులు వచ్చాయి. క్రాకోవ్‌లో ఉపాధ్యాయినుల శిక్షణకు అయిదంతస్తుల భవనం లేచింది. 1930ల చివరికి సుమారు 250 బడులు, 38,000 మంది పిల్లలు. ఇంత వేగం కుట్టు మెషీను సంపాదనతో వచ్చేది కాదు. కానీ నిధితో పాటు పాఠ్యప్రణాళిక నిర్ణయించే అధికారం కూడా పురుషుల కమిటీకి వెళ్లింది. బైబిలు ఉంది, ఆచార విధులు ఉన్నాయి, చరిత్ర ఉంది. తాల్ముడ్ లేదు. షెనిరెర్ దీనికి నొచ్చుకున్నారని చెప్పలేం. ఆవిడ కోరుకున్నది తిరుగుబాటు కాదు, మరమ్మతు. అయినా వేలమంది అమ్మాయిలు ఇల్లు విడిచి హాస్టళ్లలో ఉండి, పద్దెనిమిదేళ్లకు టీచర్లయి, ఊరుకాని ఊళ్లలో ఒంటరిగా బడులు నడిపారు. మరమ్మతుకని విప్పిన ఇంటి గోడకు అనుకోకుండా కిటికీ పడింది.

ఆ బడుల్లో చాలావరకు నాజీల చేతిలో నాశనమయ్యాయి. పిల్లలు, టీచర్లు హతమయ్యారు. బతికి బయటపడినవాళ్లు యుద్ధం తర్వాత ఇజ్రాయెల్‌లో, అమెరికాలో మళ్లీ మొదలుపెట్టారు. ఆ వ్యవస్థ తెచ్చిన మార్పు ఒకటి దాతలెవరూ ఊహించనిది. భర్త జీవితాంతం తాల్ముడ్ చదువుతుంటే సంసారం ఈడ్చేది భార్య అన్న పద్ధతి అక్కడే వేళ్లూనుకుంది. ఇజ్రాయెల్‌లో హరేదీ (అతి సనాతన యూదు) మహిళల్లో ఉద్యోగాలు చేసేవారు దాదాపు 80 శాతం. పురుషుల్లో సగానికి కాస్త ఎక్కువ. టీచర్లుగా, అకౌంటెంట్లుగా, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లుగా కూడా వాళ్లు పనిచేస్తున్నారు. పేదపిల్లకు చదువు చెప్పిద్దామని ఎవరో వేసిన చందా, ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఆ పిల్లనే పోషకురాలిని చేసింది. ఆమె జీతంతో చదువుకుంటున్నది మగవాడు. ఆమె చదవకూడదన్న గ్రంథమే అతను చదువుతున్నాడు. దీన్ని త్యాగం అనేవాళ్లున్నారు, దోపిడీ అనేవాళ్లున్నారు. ఆ ఇళ్లలోని ఆడవాళ్లు చాలామంది గర్వంగానే చెప్పుకుంటారు. వాళ్ల గర్వాన్ని బయటి నుంచి కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, కానీ జీతం తెచ్చే మనిషికి పుస్తకం మీద హక్కు ఎందుకుండదన్న ప్రశ్న ఆ గర్వంతో తీరదు.

డబ్బూ, పుస్తకమూ రెండూ తన చేతిలోనే ఉన్న స్త్రీ ఎలా ఉంటుందో బొంబాయి చూసింది. ఫ్లోరా ససూన్ 1859లో అక్కడే పుట్టారు. ఇంటికి వచ్చే రబ్బీల దగ్గర గ్రంథాలు చదువుకున్నారు. 1894లో భర్త పోయాక డేవిడ్ ససూన్ కంపెనీ బొంబాయి వ్యాపారం తనే నడిపారు. 1901లో ఇంగ్లండ్ వెళ్లిపోయారు. 1924లో లండన్ జ్యూస్ కాలేజీలో పండితుల సభలో ప్రసంగించారు. వంద మందిలో ఒకరికి దక్కే అదృష్టం. మిగతా తొంభై తొమ్మిది మందికి కావలసింది బడి.

అమెరికాలో ఆ బడికి డబ్బు ఒక వింత దారిలో వచ్చింది. 1926లో జర్మనీ నుంచి మాక్స్ స్టెర్న్ అనే యువకుడు వేలకొద్దీ కేనరీ పిట్టలతో న్యూయార్క్‌లో దిగాడు. పిట్టలమ్మి, పిట్టల మేత అమ్మి కోటీశ్వరుడయ్యాడు. ఆయన విరాళంతో 1954లో యెషివా విశ్వవిద్యాలయంలో స్టెర్న్ మహిళా కళాశాల తెరుచుకుంది. 1977లో సనాతన యూదులకు శిరోధార్యుడైన రబ్బీ జోసెఫ్ సొలొవైచిక్ అక్కడికి వచ్చి అమ్మాయిలకు తాల్ముడ్ మొదటి పాఠం తానే చెప్పారు. రెండేళ్లకు న్యూయార్క్‌లో ద్రిషా, 1988లో జెరూసలేంలో మతాన్, 1990లో నిష్మత్ అనే స్త్రీల విద్యాసంస్థలు పుట్టాయి. ఇవన్నీ విరాళాలతో నడిచేవే. మగ విద్యార్థులకు వంద ఏళ్లుగా ఇస్తున్న భత్యం లాంటిది చదువుకునే స్త్రీకి కూడా ఇవ్వాలని ద్రిషా పట్టుబట్టింది. చదువు కొనసాగేది పాఠంతోనే కాదు, నెల తిరిగేసరికి కట్టే ఇంటి అద్దెతో కూడా. నిష్మత్ 1999లో తొలిసారి కొందరు స్త్రీలను ఆచార సలహాదారులుగా తయారుచేసింది. నెలసరి నియమాల గురించి ఒక ఇల్లాలు మగ రబ్బీని అడగలేక మింగేసుకున్న ప్రశ్నలు, ఆనాటి నుంచి ఫోను ఎత్తి ఇంకో ఆడమనిషిని అడగగలుగుతోంది.

ఇదే కాలంలో దాతల వైపు కూడా ఒక మార్పు వచ్చింది. 'ఫలానా వారి శ్రీమతి' అని కాకుండా స్త్రీ తన సొంత పేరుతో ఏటా కనీసం 5,000 డాలర్లు ఇచ్చే 'లయన్ ఆఫ్ జుడా' వరస 1972లో మయామీలో మొదలైంది. ఇచ్చినవాళ్లకు సింహం బొమ్మ బంగారు పిన్ను. బాగానే ఉంది. ఆ డబ్బు మాత్రం సమాజం మొత్తానికి చెందిన ఉమ్మడి నిధిలోకే వెళ్లేది. ఉమ్మడి నిధి బల్ల చుట్టూ కూర్చునేవారిలో ఆడవాళ్లు తక్కువ. పిన్ను కొంగు మీద మెరిసింది, తాళంచెవి మళ్లీ వేరే చోటే ఉంది. ఈ నేపథ్యంలో 1990ల్లో న్యూయార్క్‌లో బార్బరా డాబ్‌కిన్ వంటి దాతలు స్త్రీల చదువు, చరిత్ర కోసమే ప్రత్యేక సంస్థలకు డబ్బు పెట్టారు. 1995లో యూదు మహిళల చరిత్ర భాండాగారం, 1997లో చికాగోలో మహిళలే కలిసి పోగుచేసి కలిసి పంచే ఫౌండేషన్ వచ్చాయి.

తాళంచెవి చేతికొచ్చినంత మాత్రాన తప్పులు జరగవని కాదు. హదస్సా 4 కోట్ల డాలర్లు బెర్నార్డ్ మేడాఫ్ అనే పెట్టుబడుల నిర్వాహకుడి దగ్గర పెట్టింది. అది ఎంతో పెరిగిందని నమ్ముతుండగా 2008లో అతని మోసం బయటపడింది. పెట్టినదాని కన్నా ఎక్కువే అప్పటికి వెనక్కి తీసుకుని ఉన్నందున 2010లో 4.5 కోట్ల డాలర్లు తిరిగి కట్టడానికి ఒప్పుకోవలసి వచ్చింది. వంటింటి డబ్బాల్లో పైసా పైసా లెక్క చూసిన సంస్థ ఇది. ఇంకో బాధ 2018 తర్వాత బయటికి వచ్చింది. యూదు సేవాసంస్థల్లో పనిచేసే మహిళలు, పెద్ద దాతల అసభ్య ప్రవర్తనను ఏళ్లుగా మౌనంగా భరించామని చెప్పడం మొదలుపెట్టారు. చెక్కు రాసే మనిషిని ఎలా కోప్పడతామని సంస్థలు చూసీచూడనట్టు ఊరుకున్నాయి. మైమోనిడీస్ నిచ్చెనలో ఈ దాతది ఏ మెట్టో వెతుక్కోవాలి.

మన గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. 1980ల చివర్లో తమను తాము బెనె ఎఫ్రాయిమ్‌గా చెప్పుకున్న దళిత కుటుంబాలు. చాలామంది వ్యవసాయ కూలీలు. ఇజ్రాయెల్ ప్రభుత్వం వారిని గుర్తించలేదు. కానీ అమెరికా నుంచి కులాను వంటి స్వచ్ఛంద సంస్థల చేయూత ఉంది, పరిశోధకులు వచ్చి పుస్తకమూ రాశారు. బయటి సాయానికి సహజంగానే హీబ్రూ పాఠం, ప్రార్థన పుస్తకం మొదట గుర్తొస్తాయి. నాట్లు వేసి వచ్చిన ఆడమనిషి తన కూతురికి మొదట ఏం కావాలంటుందో నేను ఊహించి రాయను. ఆ మాట ఆవిడ నోటి నుంచే రావాలి. ఫిలడెల్ఫియా నుంచి క్రాకోవ్ దాకా అడగకుండా ఇచ్చిన సాయానికీ, అడిగి ఇచ్చిన సాయానికీ తేడా ఎంతో చూశాక ఈపాటి తొందర పడకపోవడం మంచిది.

మళ్లీ ఒకసారి 1923 వియన్నాకు వెళ్దాం. కుట్టుపని చేసే మనిషి బడిని సనాతన సంస్థ దగ్గరికి తీసిన ఆ ఏడు, అదే మహాసభలో మెయిర్ షపీరో అనే యువ రబ్బీ ఒక ఆలోచన చెప్పాడు. ప్రపంచంలో యూదులందరూ తాల్ముడ్‌ను రోజుకొక పుట (రెండు వైపులున్న ఒక ఆకు) చొప్పున, అందరూ అదే రోజు అదే పుట చదవాలని. మొత్తం 2,711 పుటలు, ఒక చుట్టు తిరగడానికి ఏడున్నరేళ్లు. అందరూ అంటే మగవాళ్లందరూ అనే సభలో ఉన్నవారు అర్థం చేసుకున్నారు. 2020 జనవరి 5న జెరూసలేంలోని సమావేశ భవనంలో మూడు వేల మందికి పైగా జనం, చాలావరకు స్త్రీలు, ఆ చుట్టు పూర్తిచేసిన మహిళల కోసం గుమిగూడారు. సభ ఏర్పాటు చేసిన హద్రాన్ సంస్థా మహిళలదే. కొత్త చుట్టు కూడా ఆ రోజే మొదలు. తాల్ముడ్‌లో ఏ భాగానికీ ఒకటో పుట ఉండదు, చదువు దాదాపు ఎప్పుడూ రెండో పుట నుంచే ఆరంభమవుతుంది. ఆ రోజు వాళ్లు తెరిచింది తాల్ముడ్ తొలి భాగం బెరఖోత్, రెండో పుట.